అక్క కుడికాలు

ఆ వానాకాలం మా ఇంట్లో ఎవరూ ఎవరి మొహం చూసి మాట్లాడుకోలేదు. అందరి చూపూ మా అక్క కుడికాలి మీదే ఉండేది. ఆ కాలు గురించి ఎన్ని మాటలు విన్నానో, విన్నకొద్దీ నా బుర్ర అంతగా చిక్కుపడింది. ఇవాళ్టికీ ఆ చిక్కు పూర్తిగా విడిందని చెప్పలేను గాని, జరిగింది మాత్రం వరసగా చెప్పగలను.

నాకు కరెంటాఫీసు కౌంటర్లో ఉద్యోగం వచ్చింది. అద్దెకి గది దొరికేదాకా ఉందామని అక్కావాళ్ళింట్లో దిగాను. దిగిన వారానికే బావ గది వెతకడం మానెయ్యమన్నాడు. నేనుంటే అక్క తనని కాస్త తక్కువ తిడుతోందట. బావ ప్లంబరు. అక్క లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. హోటళ్ళ దుప్పట్లు, దిండు గలీబులు, ఆస్పత్రి కోట్లు అన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. వానలు మొదలైతే రైతుకెంత పనో వీళ్ళిద్దరికీ అంత పని. ఊళ్ళో మురుగు పైపులు పొంగుతాయి కాబట్టి బావకి తీరిక ఉండదు. బట్టలు ఆరక చెమ్మచెమ్మగా వస్తాయి కాబట్టి వాటిని ఇస్త్రీపెట్టెతోనే ఆరబెట్టాలి. అక్కకి కూర్చునే యోగం ఉండదు. ఇంట్లో నాలుగో మనిషి బావ వాళ్ళమ్మ. ఆవిణ్ణి నేనూ అత్తయ్యా అనే పిలిచేదాన్ని. ఆవిడ నడుము వంగింది గాని మాట వంగలేదు.

ఒక సెలవురోజు పొద్దున పెరటి గుమ్మం కిందనుంచి వాననీళ్ళు లోపలికొచ్చాయి. అక్క చీర మోకాళ్ళ పైదాకా ఎగదోపుకుని నీళ్ళు తోస్తోంది. నేను బకెట్టు తెస్తూ ఆమె వెనక ఆగిపోయాను. కుడి మోకాలి వెనకనుంచి పిక్క మీదుగా చీలమండ దాకా నీలంగా, మెలికలు మెలికలుగా తీగలు ఉబ్బి ఉన్నాయి. కొన్నిచోట్ల ద్రాక్షపండ్లు అంటించినట్టు ముద్దలు కట్టాయి. చీలమండ పైన చర్మం ముదురు గోధుమరంగు తిరిగి, నూనె రాసినట్టు మెరుస్తోంది.

అదేంటక్కా అంటే, ఏముంది, నిలబడి పనిచేసే కాళ్ళు ఇలాగే ఉంటాయంది. సాయంత్రానికి ఇసకబస్తా కట్టినట్టు బరువెక్కుతుందట, దురద పెడుతుందట, పడుకుని గోడకి ఆనించి పైకి పెడితే తగ్గిపోతుందట. తగ్గిపోయేదాన్ని జబ్బెలా అంటామని తిరిగి నన్నే అడిగింది. అత్తయ్య వంటింట్లోంచి, అది నరాల బలహీనత, మా వైపు అందరికీ ఉందని చెప్పింది. అక్క ఆవిడ వైపు మనిషే కాదని ఎవరికీ తట్టలేదు.

నేను ఊరుకోలేదు. వీధి చివరి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ అక్కని నిలబెట్టి చూసింది, పడుకోబెట్టి చూసింది, పాదం మీద నాడి పట్టి చూసింది. అవి నరాలు కావు, సిరలంది. కాలికి దిగిన రక్తం మళ్ళీ గుండెకి ఎక్కాలి కదా, అలా ఎక్కించే సిరల్లో పైకి మాత్రమే తెరుచుకునే చిన్నచిన్న తలుపులు ఉంటాయట. అవి వదులైతే ఎక్కిన రక్తం ఎక్కినట్టే జారి కింద నిలవుండి, సిరని ఉబ్బిస్తుందట. "వాల్వులు లీకవుతున్నాయి" అంది చివరికి, మాకు సులువుగా అర్థమవుతుందని. ఆ ఒక్క మాటే మా కొంప ముంచింది.

ఇంటికొచ్చి నేను బావకి చెబుతుంటే అత్తయ్య చెవిన వాల్వులన్న మాట పడింది. వాల్వులంటే ఆవిడకి తెలిసినవి గుండెలోవే. అంతే, చేతిలో గరిటె అక్కడే పెట్టి వచ్చి అక్క పక్కన కూర్చుంది. అక్క చేతిలోని మంచినీళ్ళ గ్లాసు లాక్కుని తనే తాగించబోయింది. మర్నాటికి వీధిలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, అక్కని చూసి, నిట్టూర్చి వెళ్ళారు. ఒకావిడ పోయిన తన తోడికోడలి సంగతి మొదలుపెట్టి, మధ్యలో అక్క మొహం చూసి, ఆవిడకిది వేరేలెండి అని మాట మార్చింది. గుండెలో కాదు అత్తయ్యా, కాలిలో అని నేను విడమరిచి చెప్పాను. ఆవిడ అంతా విని, బాగా ఆలోచించి, ఇంకా భయపడింది.

"గుండెలో ఉండాల్సినవి కాలిలోకి ఎట్లా దిగినయ్యే?"

ఆ రోజునుంచి వంట ఆవిడ చేతికి పోయింది. అక్క పొయ్యి దగ్గర నిలబడితే చాలు, చెయ్యి పట్టి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టేది. కాపరానికి వచ్చింది మొదలు కోడలు కూర్చుంటే ఓర్చుకోని మనిషి, ఇప్పుడు లేస్తే ఓర్చుకోవడం లేదు. అక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

డాక్టరమ్మ బిగుతు మేజోళ్ళు రాసింది. పొద్దున మంచం దిగకముందే తొడగాలి, పడుకునేటప్పుడు తియ్యాలి. ఇవి కాలిని పట్టి ఉంచుతాయే గాని తలుపుల్ని బాగుచెయ్యవని ముందే చెప్పింది. ఆ మేజోడు తొడగడం ఒక పెళ్ళంత పని. మడమ దాకా బాగానే వచ్చి అక్కడ మొరాయించేది. అక్క మంచం పట్టె పట్టుకుంటే, బావ పైకి లాగుతుంటే, నేను ముడతలు సర్దుతుంటే, అత్తయ్య పక్కన నిలబడి, చిన్నప్పుడు వీడికి చొక్కా తొడగడం ఇంతకంటే కష్టంగా ఉండేదని కబుర్లు చెప్పేది. చిన్న గలీబులో పెద్ద దిండు దూర్చినట్టుందని అక్క నవ్వేది. ఒక వారం పోయాక సాయంత్రాలు కాస్త తేలిగ్గా ఉందంది కూడా. అయితే లాండ్రీలో ఆవిరి, ఉక్క. అక్కడికెళ్ళాక దాన్ని మోకాలి కిందికి చుట్టచుట్టి దించేసేదని, అలా చుట్టిన చోట తాడు కట్టినట్టు బిగుసుకునేదని మాకు తర్వాత తెలిసింది.

తర్వాత స్కాను. అక్కని నిలబెట్టి, కాలికి జెల్లు రాసి, పిక్క నొక్కి వదులుతూ తొడ మొదలునుంచి చీలమండ దాకా చూశారు. తెర మీద ఎరుపూ నీలమూ వెలిగి ఆరాయి. ఆ కాగితం పట్టుకుని పెద్దాస్పత్రిలో రక్తనాళాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కుర్రాడు, చురుకైనవాడు, బయట జనం నిలబడి ఉన్నారు. కాగితం చూసి, తొడలోంచి వచ్చే పొడుగు సిర పాడైంది, సన్నటి తీగ లోపలికి పంపి వేడితో మూసేద్దాం, మత్తు కాలికి మాత్రమే, మెలకువగానే ఉంటారు, ఆరోజే నడిచి ఇంటికెళ్ళొచ్చు అన్నాడు. ఒప్పుకుంటే రోజు చెబుతానన్నాడు.

బావ కుర్చీలో ముందుకి వంగాడు.

"వాల్వు పాడైతే వాల్వు మార్చాలి గాని, లైను మూసేస్తారా సార్?"

ఈ సిరలో వాల్వులు మార్చరండీ, మూసెయ్యడమే పద్ధతి అని డాక్టరు నవ్వాడు. ఆ నవ్వు బావకి నచ్చలేదు. ఇంటికొచ్చి వసారా గచ్చు మీద సుద్దముక్కతో కాలు గీశాడు. మోకాలి దగ్గర వంపు పెట్టాడు, పాదం దగ్గర ట్యాంకు పెట్టాడు, తొడ దగ్గర అడ్డంగా గీత కొట్టాడు.

"ఇదిగో, ఇక్కడ మూసేశాడనుకో. కిందున్న నీళ్ళెక్కడికి పోతాయి? నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

నిజంగానే ఎక్కడికి పోతాయి? కనబడినవన్నీ చదివాను. మూయొచ్చని రాశారు, సురక్షితమని రాశారు. రక్తం దారి మార్చుకుంటుందని ఒక్క ముక్కలో రాసి ముందుకెళ్ళిపోయారు. ఎటు మార్చుకుంటుందో చెబితే కదా. రాత్రిపూట ఇరుక్కున్న పైపు గురించి ఫోను వస్తే బావ అడిగే మొదటి మాట, నీళ్ళు ఎటు పోవాలి అని. అది తెలియకుండా ఏ లైనూ ముట్టుకోడు. తన భార్య కాలిని ముట్టుకోనిస్తాడా?

అప్పుడు పైపుల షాపాయన, తన బామ్మర్దికి ఇంజెక్షను ఇస్తే నరాలు మాయమయ్యాయన్నాడు. నురగలాంటి మందు ఎక్కిస్తే సిర లోపల అంటుకుపోతుందట. అదీ మూసెయ్యడమే కదా అని బావ కొట్టిపారేశాడు. బావకి తెలిసిన మేస్త్రీ ఒకాయన చెబితే ఇంకో ఆస్పత్రిలో పెద్ద సర్జను దగ్గరికి వెళ్ళాం. తల నెరిసినాయన, తొందరలేనివాడు. ఒళ్ళు తెలియకుండా మత్తిచ్చి, గజ్జ దగ్గర చిన్న కోత పెట్టి కట్టేసి, పాడైన సిరని కిందినుంచి లాగి తీసేస్తానన్నాడు. ఎంతోమందికి తీశాను, హాయిగా తిరుగుతున్నారన్నాడు. మూసేస్తేనే ఒప్పుకోని బావకి, మొత్తం లైనే పీకేస్తానంటే ఎలా ఉంటుంది? లేచి దండం పెట్టి బయటికొచ్చేశాడు.

కాలొక్కటి, మాటలు నాలుగు. మేజోడు చాలని కొందరు, సూదని ఒకరు, వేడని ఒకరు, కత్తని ఒకరు. బావ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. వాల్వు మార్చేవాడు ఎక్కడో ఒకడు ఉండే ఉంటాడు, మనకి దొరకలేదంతే అంటాడు. అత్తయ్యకి అసలు కాలి సంగతే పట్టదు, గుండె డాక్టరుకి చూపించమంటుంది. నేను పొద్దున ఒక మాట అనుకుని సాయంత్రానికి ఇంకో మాట అనుకునేదాన్ని. కౌంటర్లో ఎవరైనా కరెంటు ఎందుకు పోయిందని అడిగితే, నాకు మాత్రం ఏం తెలుసని ఎదురు అడగబుద్ధయ్యేది. మేం ముగ్గురం భోజనాల దగ్గర అక్క కాలు గురించి వాదించుకుంటుంటే, అక్క తిని, కంచం కడిగి, గొడుగు తీసుకుని పనికి పోయేది.

వానలు బాగా ముదిరిన రోజులవి. ఒకరోజు మధ్యాహ్నం లాండ్రీ వెనక బట్టలుతికే చోట మురుగుకాలువ ఎదురు తన్నింది. యజమానురాలు బావకి కబురుపెట్టింది. ఆ రోజు మా ఆఫీసులోకి నీళ్ళొచ్చి తొందరగా వదిలేశారు కాబట్టి, ఇద్దరితో కలిసి ఇంటికి పోవచ్చని నేనూ అటు వెళ్ళాను.

లోపల ఆవిరి పొగమంచులా ఉంది. అక్క నా వైపు వీపు పెట్టి దుప్పటి ఇస్త్రీ చేస్తోంది. పక్కనుంచి ఎవరో చక్రాల బుట్ట తోసుకుంటూ వెళ్ళారు. బుట్ట అంచుకి పైకి లేచిన తీగముక్క ఉంది. అది, ఉక్కకి మేజోడు పూర్తిగా తీసేసి ఉన్న అక్క చీలమండని రాసుకుంటూ పోయింది. అక్క కాలు కాస్త పక్కకి జరుపుకుంది, అంతే. ఇస్త్రీపెట్టె ఆపలేదు.

నేను గొడుగు దులిపి తలెత్తేసరికి ఆమె కాలి చుట్టూ గచ్చు మీద ఎర్రగా ఉంది. ఆ ఎరుపు నా కళ్ళముందే పెద్దదవుతోంది. కిందికి వేలాడుతున్న దుప్పటి అంచు దాన్ని పీల్చుకుంటోంది. అక్క ఇంకో మడత వేసి, కిందికి చూడకుండానే, పెట్టెలోంచి వేడినీళ్ళు కారుతున్నాయే, చూడు ఒకసారి అని పక్క బల్లామెతో అంటోంది. నొప్పి లేదు. వెచ్చగా తగిలింది కాబట్టి నీళ్ళనుకుంది.

పక్క బల్లామె కేక వేస్తే అందరూ మూగారు. అక్కని కుర్చీలో కూర్చోబెడితే రక్తం సన్నటి ధారలా ఎగజిమ్మింది. యజమానురాలు బట్టలారేసే తాడు తెచ్చి మోకాలి పైన బిగించబోయింది. ఆ పాటికి బావ వెనకనుంచి మోచేతులదాకా మురుగుతో పరిగెత్తుకొచ్చాడు. నేను డాక్టరమ్మకి ఫోను చేశాను. ఆవిడ గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే అందరం ఆగిపోయాం. తాడు వద్దు. పడుకోబెట్టండి. శుభ్రమైన గుడ్డ మడతపెట్టి సరిగ్గా కారే చోట నొక్కిపట్టండి. కాలు గుండె కంటే ఎత్తులో ఉంచండి. అంతే.

అక్కని దుప్పట్ల కట్టల మీద పడుకోబెట్టాం. గుడ్డ నేను నొక్కాను. బావ చేతులు కడుక్కొచ్చి గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కాలిని ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. కాసేపటికి రక్తం ఆగింది. అంత రక్తం అంత సులువుగా ఆగడం చూసి నమ్మకం కలగక నేను వేలు తియ్యలేదు. ఆస్పత్రి బండి వచ్చేదాకా ఎవరం కదల్లేదు. బావ ఆ కాలినే చూస్తున్నాడు. పైకెత్తేసరికి ఆ మెలికలు, ముద్దలు అన్నీ అణిగిపోయి, పిక్క నున్నగా అయిపోయింది.

"బరువుందే" అన్నాడు కాసేపటికి.

"నాకు చెబుతున్నావా" అంది అక్క, కళ్ళు మూసుకునే.

ఆ తర్వాత వాల్వు మార్చేవాడి మాట బావ నోట వినలేదు.

ఆస్పత్రిలో ఒక కుట్టు వేసి, కట్టు కట్టి, మళ్ళీ ఆ కుర్ర డాక్టరు దగ్గరికే పంపారు. ఈసారి ఆయన దగ్గర జనం తక్కువగా ఉన్నారో, మా మొహాలు చూశాడో గాని, కలం పక్కన పెట్టాడు. బావ గొంతు సవరించుకున్నాడు. ఈసారి వాదనకి అడగలేదు, తెలియక అడిగాడు.

"మూసేస్తే ఆ రక్తం ఎటు పోతుంది సార్?"

డాక్టరు తన కాలే చాపి, పిక్క పట్టుకుని చూపించాడు. "లోపల, కండల మధ్య పెద్ద సిరలున్నాయండీ. కాలి రక్తంలో చాలావరకు వాటిల్లోంచే పైకి పోతుంది. ఇది చర్మం కింద ఉండే పక్క సిర. ఇప్పుడిది పైకి పంపడం లేదు, కిందికి వదులుతోంది. దీన్ని మూస్తే లోపలివాటి మీద బరువు తగ్గుతుంది, పెరగదు. లోపలివి బాగున్నాయా లేదా అని చూడటానికే ముందు స్కాను చేయించింది. బాగున్నాయి."

బావ వంగి తన పిక్క ఒకసారి తడిమి చూసుకున్నాడు. "అయితే ఇది మెయిన్ లైను కాదన్నమాట" అన్నాడు. కాదన్నాడు డాక్టరు. మొదటిరోజే ఈ మాట చెప్పి ఉంటే అని నేను నసిగాను. చెప్పాననే అనుకున్నానమ్మా అని ఆయన నొచ్చుకున్నాడు. ఆ నొచ్చుకోవడం నిజమే అనిపించింది.

అంతటితో అయోమయం తీరిందా అంటే తీరలేదు. మరి ఆ పెద్ద సర్జను చెప్పింది తప్పా అని అడిగాను. తప్పు కాదు, అదీ పాత మంచి పద్ధతే, ఇప్పటికీ కొందరికి అదే సరిపోతుందన్నాడు. సూదిమందు? చిన్న సిరలకి బాగుంటుంది, పెద్దవాటికి తిరగబెట్టే అవకాశం ఎక్కువన్నాడు. మేజోడు? అదీ మంచిదే. ఇవేవీ చేసినా కొన్నేళ్ళకి వేరే సిరలు ఉబ్బవని రాసివ్వలేనన్నాడు. అందరూ చెప్పిందీ సరైనదే అయితే మేం చెయ్యాల్సిందేంటి అని బావ తల పట్టుకున్నాడు. నాకూ అదే అనిపించింది. ఒక్కరైనా తప్పు చెప్పి ఉంటే ఎంత బాగుండును.

డాక్టరు మమ్మల్ని దాటి అక్క వైపు తిరిగాడు. మీరేమంటారమ్మా అన్నాడు.

మేమిద్దరం కూడా తిరిగి చూశాం. అక్క అక్కడ ఉందని అప్పుడే తెలిసినట్టు. ఇన్ని రోజుల్లో ఆ కాలు ఎవరిదని మాలో ఎవరం అడిగాం?

అక్క కట్టు కట్టిన కాలిని చేత్తో సర్దుకుని, నెమ్మదిగా, పద్దు అప్పజెప్పినట్టు చెప్పింది. "నన్ను ఒళ్ళు తెలియకుండా పడుకోబెట్టేది వద్దండి. నా కాలికి ఏం చేస్తున్నారో నాకు తెలుస్తుండాలి. తొందరగా పనిలోకి వెళ్ళాలి. వేడితో మూసేదైతే మెలకువగానే ఉంటానన్నారు కదా, అదే చెయ్యండి. మళ్ళీ వస్తే అప్పుడు చూసుకుందాం." తర్వాత బావ వైపు చూసి, "సుద్దతో గీసింది తుడిచెయ్యి, అందరూ తొక్కి ఇల్లంతా చేస్తున్నారు" అంది.

సిర మూసేసే రోజు బావ ఆస్పత్రి వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. అత్తయ్య మాత్రం బెంచీ మీద కుదురుగా కూర్చుని, గుండె జోలికి వెళ్ళట్లేదు కదా అని వచ్చే పోయే నర్సులందరినీ అడిగింది. తలుపు తెరుచుకుని అక్క తన కాళ్ళ మీద తనే నడిచి వచ్చింది. కాలు పొడుగునా మత్తుసూదులు పొడిచారట. అదొక్కటే మంటగా ఉందట. మధ్యలో డాక్టరు కబుర్లు పెడితే, మీ కోటు కాలరు ఎవరు ఇస్త్రీ చేశారో గాని పాపం కొత్తవాళ్ళయ్యుంటారని చెప్పిందట. ఆయన నవ్వితే తెర మీద బొమ్మ కదిలిపోయిందట.

తొడ లోపల కొన్నాళ్ళు కమిలి, తాడు బిగిసినట్టు లాగింది. చీలమండ దగ్గర ఒక అరచేయంత చోట మొద్దుబారి ఉండిపోయింది. ముద్దలు కొన్ని పోయాయి, కొన్ని ఉన్నాయి. మూసేశారన్నారు, ఇంకా కనబడుతున్నాయేంటని అత్తయ్య నన్ను నిలదీసింది. మిగిలినవాటికి తర్వాత సూదిమందు వేస్తారు అత్తయ్యా అంటే, మరి సూది వద్దనుకున్నాం కదే అంది. నిజమే, వద్దనుకున్నాం. ఎడమకాలిలో కూడా ఒక తలుపు కాస్త వదులుగా ఉందని, ఇప్పుడే ఏమీ అక్కర్లేదని స్కానులో తేలింది. అక్కర్లేదంటే మంచిదో, ఇంకా కాలేదనో నేనెంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాను.

ఇంట్లో మాత్రం కొన్ని తేలాయి. అక్క గుండెకి ఢోకా లేదని చివరికి ఒప్పుకున్నా, అత్తయ్య వంటిల్లు తిరిగివ్వలేదు. అక్క గరిటె పట్టుకుంటే ఇప్పుడు కోపం వస్తోంది ఆవిడకి. అది జాలి కోపం కాదు, అధికారం కోపం. లాండ్రీలో అక్క ఎత్తు పీట వేయించుకుంది. చిన్న బట్టలు దాని మీద కూర్చునే చేస్తుంది, మధ్యమధ్యలో లేచి బల్లల చుట్టూ ఒక తిరుగుడు తిరుగుతుంది. యజమానురాలు ఏమంటుందోనని భయపడింది గాని, ఆవిడ ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక తలుపు దగ్గరికి వేసి, నేలకి జీరాడే తన చీర అంచు పైకెత్తి చూపించిందట. రెండు కాళ్ళకీ. ముందు లోపలి సిరలు చూపించుకోండి, తర్వాత మిగతా సంగతులని అక్క ఆవిడకి చెప్పి, స్కానుకి తనే వెంట తీసుకెళ్ళింది.

డాక్టరు రోజూ నడవమన్నాడు. వానలు వెనకబట్టిన రోజుల్లో, సాయంత్రాలు అక్క మేజోడు తొడుక్కుని బయల్దేరేది. మొదట నేను తోడు వెళ్ళేదాన్ని. ఒకరోజు బావ పని సంచి ఇంట్లో పడేసి నేనొస్తానన్నాడు. ఎప్పుడూ బండి మీద పైపులు కట్టుకుని దూసుకుపోయే మనిషికి పక్కన నడవడం చేతకాలేదు. నాలుగడుగులు ముందుకి పోయేవాడు, ఆగేవాడు, మళ్ళీ పోయేవాడు. నేను కూరగాయల సంచితో వెనక వస్తున్నాను. రోడ్డు పక్క గుంటల్లో ఇంకా నీళ్ళున్నాయి. దుకాణాల్లో దీపాలు వేస్తున్నారు.

వంతెన దగ్గర బావ వేగం తగ్గించి అక్క పక్కకి వచ్చాడు.

"అసలెప్పట్నుంచి ఉంది నీకీ నొప్పి?"

అక్క గుర్తు తెచ్చుకుంటూ కొంచెం దూరం నడిచింది. "మనం పాతింట్లో ఉన్నప్పట్నుంచి" అంది.

ఆ ఇల్లు మారి ఎన్నాళ్ళయిందో బావ లోలోపల లెక్కేసుకున్నట్టున్నాడు. "నాకు చెప్పొచ్చుగా."

"చెప్పాను. కాళ్ళు లాగుతున్నాయని చెప్పాను. నువ్వు మర్నాడు కొత్త చెప్పులు కొనుక్కొచ్చావు."

బావ ఆగిపోయాడు. ఆమె ఆగలేదు. అతను మళ్ళీ అందుకున్నాడు.

"మంచి చెప్పులే కదా అవి" అన్నాడు, గొంతు తగ్గించి.

"మంచివే" అంది అక్క. "చాలా రోజులు తొడుక్కున్నాను."

వంతెన దాటాక ఇంటికి మళ్ళే సందు వచ్చింది. బావ అలవాటుగా అటు తిరిగాడు. అక్క నేరుగా వెళ్ళిపోతోంది. ఆమె నడక చూసి, పిలవబోయి మానుకుని, అతను గబగబా వెనక్కి వచ్చి ఆమె పక్కన చేరాడు. ఈసారి ముందుకి పోలేదు.